టిక్కులతో పాటు మృదంగాన్నీ మింగిన పెట్టె

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు ఆదివారాల కింద మీ అనుబంధంలో గ్రామఫోను రికార్డులు మళ్లీ ఇళ్లలోకి వస్తున్నాయని ఒక వ్యాసం వేశారు. చదువుతుంటే ముచ్చట వేసింది. అయితే అందులోని రెండు వాక్యాలు నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టాయి. పాత రికార్డులోని చిటపటలోనే అందం ఉందన్నది మొదటిది. అది వద్దనుకునేవారికి టిక్కులు తీసేసే యంత్రాలు దొరుకుతున్నాయి, తగిలిస్తే చాలన్నది రెండోది. మొదటిదానితో నాకు పేచీ ఉంది. రెండోదాన్ని నమ్మి డబ్బు పోసినవారు ఆ యంత్రాలను సంచిలో పెట్టుకుని మా ఇంటికి వస్తున్నారు కాబట్టి దానితో ఇంకా పెద్ద పేచీ ఉంది.

నేను తెనాలిలో రణరంగ చౌక్‌కు రెండు సందుల అవతల ముప్పై ఏళ్లకు పైగా రేడియో రిపేరు దుకాణం నడిపాను. 1974లో వాల్వు రేడియోల దగ్గర సోల్డరింగ్ నేర్చుకున్నాను. ఆ తర్వాత ట్రాన్సిస్టర్లు, టేప్ రికార్డర్లు, టీవీలు అన్నీ చేతిలోంచి వెళ్లాయి. దుకాణం మూసేశాను గానీ పని మానలేదు. వరండాలో ఒక బల్ల, దాని మీద మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, భూతద్దం ఉన్నాయి. మాది నాటకాల ఊరు. పద్యాల రికార్డులు దాచుకున్న ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. రికార్డుల పెట్టె తాతలది, ప్లేయరు ఆన్‌లైనులో కొన్నది, టిక్కులు తీసే యంత్రం అమెరికాలోని పిల్లలు పంపినది. ఈ మూడూ ఒకదానికొకటి పొసగనప్పుడు నన్ను పిలుస్తారు.

ముందు ఆ అందం సంగతి. పాడినవారు చిటపట పాడలేదండీ. పది అంగుళాల ప్లేటు మీద ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు. పద్యాన్నీ రాగాన్నీ ఆ మూడు నిమిషాల్లో కుదించి, ఒక్క తప్పు లేకుండా పాడి వెళ్లారు మహానుభావులు. చిటపట మన ఇళ్లలో, మన అరిగిన ముళ్ల వల్ల, మన జిడ్డు వేళ్ల వల్ల వచ్చింది. గోడకు పట్టిన చెమ్మను చూసి చిత్రకారుణ్ణి మెచ్చుకుంటామా? తీసేయగలిగితే తీసేయడమే మర్యాద. అయితే ఏది తీస్తున్నామో తెలిసి తీయాలి.

రికార్డులో వినిపించే రొద అంతా ఒకటి కాదు. గీత పడినచోట వచ్చేది టిక్కు. గాడిలో దుమ్ము చేరితే వచ్చేది చిటపట. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లలో అడుగున ఎప్పుడూ ఒక బుస ఉంటుంది. ఆ ప్లేట్లను లక్కలో రాతిపొడి కలిపి పోశారు కాబట్టి అది పుట్టుకతో వచ్చినది. టిక్కులు తీసే యంత్రం టిక్కులనే తీస్తుంది, చిటపటను కొంత తగ్గిస్తుంది. బుస దాని పని కాదు. "యాభై వేలు పెట్టి కొన్నాం, ఇంకా స్‌స్‌స్ అంటూనే ఉంది" అని వచ్చేవారిలో సగం మంది యంత్రంలో ఏ లోపమూ ఉండదు.

లక్క మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. ఏటికొప్పాక బొమ్మలకు పట్టించే లక్క, ఈ ప్లేట్లలోని లక్క ఒకే పురుగు పెట్టినవి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. కిందటి ఏడు ఒకాయన తాతగారి ప్లేట్లు ఆరింటిని ఆసుపత్రి స్పిరిట్ పెట్టి శుభ్రంగా తుడిచారు. మెరుపు వచ్చిందని సంబరపడి తెచ్చి చూపించారు. ముల్లు పెడితే పాట లేదు. ఉన్నదల్లా గరగర. తర్వాత వచ్చిన వినైల్ (ప్లాస్టిక్) ఎల్పీలకు పనికొచ్చే స్పిరిట్ ద్రావకాలు 78లకు విషం. ఈ ఒక్క ముక్క మీ వ్యాసంలో ఉంటే ఎన్ని పద్యాలు బతికేవో.

యంత్రం పాడైందని నా దగ్గరకు తెచ్చేముందు ఇంట్లోనే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. గడియారం చేతిలో పట్టుకుని టిక్కుల మధ్య వ్యవధి లెక్కపెట్టండి. ఎల్పీ నిమిషానికి ముప్పై మూడు చుట్లు, ఇంకొక మూడో వంతు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు. టిక్కు సరిగ్గా అంత వ్యవధిలో మళ్లీ మళ్లీ వస్తుంటే అది ఆ రికార్డు మీద గీత. 78 అయితే ముప్పావు సెకనుకు కాస్త ఎక్కువ. లెక్కా పత్రం లేకుండా, రికార్డు తీసేసినా టిక్కుమంటుంటే అది కరెంటు లైనులోంచి వస్తోంది. ఒక ఇంట్లో వారం రోజులు యంత్రాన్ని తిట్టుకున్న తర్వాత, ఫ్రిజ్ ఆగినప్పుడల్లా టిక్కుమంటోందని ఆ ఇంటి కోడలు కనిపెట్టింది. నాకన్నా ఆ అమ్మాయే మెరుగైన మెకానిక్. ఇక గుయ్ మని ఆగకుండా మోగితే అది ఎర్తు సంగతి. ఫ్యాను రెగ్యులేటరు కూడా ఒక పాపాల భైరవుడు.

తర్వాత ముల్లు. 78ల గాడి వెడల్పు. దానికి కొన గుండ్రం వ్యాసార్ధం మిల్లీమీటరులో పదమూడో వంతు ఉండే ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు అందులో నాలుగో వంతు మాత్రమే. ఆ సన్నటి ముల్లును 78 మీద పెడితే గాడి గోడలను ఆనుకోదు. అడుగుకు దిగి, డెబ్బై ఏళ్ల మురికిని దున్నుకుంటూ పోతుంది. సరైన ముల్లు పెట్టి, కుడి ఎడమ ఛానళ్లను ఒకటిగా కలిపే మోనో బొత్తాం నొక్కితే చిటపట సగం పోయిన ఇళ్లు నేను చూశాను. ఆ రికార్డుల్లో పాట గాడిలో అడ్డంగా మాత్రమే ఉంటుంది, మురికి వల్ల ముల్లు పైకీ కిందికీ ఎగురుతుంది. ఛానళ్లను కలిపితే ఆ ఎగుళ్లు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఖర్చు ఒక ముల్లు. యంత్రం కొనాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట.

ఇప్పుడు మాస్టారి పెట్టె. ఆయన పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు. అమెరికాలో ఉన్న కుమార్తె 1970ల చివరి నాటి సెకండ్ హ్యాండ్ యంత్రం ఒకటి వెతికి పంపింది. ఆ రోజుల్లో గారార్డ్ వంటి పేరున్న కంపెనీలు కూడా ఇలాంటివి తయారు చేశాయి. మాస్టారు ప్లగ్గుకు అడాప్టరు తగిలించి గోడలో పెట్టారు. అది 120 వోల్టుల పెట్టె. మన గోడలో ఉన్నది 230. ఫ్యూజు పోయింది. ఇంకో ఫ్యూజు వేశారు. ఈసారి ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. నా దగ్గరకు వచ్చేసరికి కాలిన వార్నీషు వాసన ఇంకా ఉంది.

విజయవాడలో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే ఒకాయన చేత కొత్తది చుట్టించాను. పెట్టెకు ప్రాణం వచ్చింది. అయితే టిక్కు దొరికినప్పుడల్లా మినుకుమనాల్సిన ఎర్ర దీపం అలాగే వెలిగి ఉండిపోయింది. లోపల కరెంటును చదును చేసే కెపాసిటర్లు ఎండిపోయాయి. చదును కాని ఆ కరెంటు అలలనే యంత్రం టిక్కులనుకుంటోంది. నాలుగు కెపాసిటర్లు, అరవై రూపాయలు. దీపం సరిగ్గా మినుకుమంది. కానీ ఎడమ వైపు శబ్దం వస్తూ పోతూ ఉంది. స్విచ్చు లోపలి రేకులకు చిలుము పట్టింది. మందు కొట్టి ఇరవై సార్లు అటూ ఇటూ నొక్కితే వదిలింది.

ఇంటికి పట్టుకెళ్లి మర్నాడే మాస్టారు ఫోను చేశారు, పాట గొణుగుతోందని. వెళ్లి చూస్తే ప్లేయరు తీగలను నేరుగా ఈ పెట్టెలో పెట్టారు. ప్లేయరు ముల్లు దగ్గర పుట్టేది నాలుగైదు మిల్లీవోల్టులు. అది ముందు ఫోనో యాంప్లిఫయరు గుండా వెళ్లి వందల మిల్లీవోల్టులయ్యాకే ఈ పెట్టెలోకి రావాలి. అందుకే వీటిని యాంప్లిఫయరు వెనక టేప్ రికార్డరుకు వదిలిన రంధ్రాల్లో తగిలిస్తారు. మూతలోనే స్పీకరున్న పాత పెట్టె ప్లేయర్లకు ఆ రంధ్రాలే ఉండవు. వాటికి ఈ యంత్రం తగిలించే దారి లేదు. ఈ మాట అమ్మేవారు ముందు చెప్పరు. పనిలో పనిగా, ప్లేయరునే అమెరికా నుంచి తెప్పించాలనుకునేవారికి ఒక మాట. కొన్ని పాత ప్లేయర్ల మోటారు వేగం కరెంటు అలలను బట్టి ఉంటుంది. అక్కడ సెకనుకు 60, ఇక్కడ 50. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా వేగం సరిపడదు. ముప్పై మూడు తిరగాల్సింది ఇరవై ఎనిమిది కూడా తిరగదు. బాలుడి గొంతు తాతగారి గొంతవుతుంది.

ఈ యంత్రం లోపలి పని నాకు చాలా ఇష్టం, చెప్పకుండా ఉండలేను. స్లాబు వేసే రోజున కూలీలు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతులు మార్చుకుంటారు చూడండి, ఈ పాత పెట్టెల్లోని ఐసీలో పాట అలాగే వందల గదుల్లో ఒక్కొక్కటి దాటుకుంటూ నడుస్తుంది. చివరకు చేరేసరికి సెకనులో వెయ్యో వంతు, రెండు వెయ్యో వంతులు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమే దాని బలం. ముందు గదిలో టిక్కు వచ్చిందని తెలియగానే, అది చివరి గదికి చేరేలోపు అక్కడ తలుపు వేసేస్తుంది. ఇప్పటి కొత్త యంత్రాలు ఇదే పనిని అంకెల్లో చేస్తాయి. చీర చిరిగినచోట రఫ్ఫు చేసేవాడు చుట్టుపక్కల పోగులు చూసి అల్లినట్టు, టిక్కుకు ముందూ వెనకా ఉన్న పాటను చూసి ఆ చిల్లిని పూడుస్తాయి.

సరే, టిక్కును యంత్రం ఎలా గుర్తుపడుతుంది? చాలా చురుగ్గా లేచి, చాలా కొద్దిసేపే ఉండే శబ్దం ఏదైనా దాని లెక్కలో టిక్కే. గొంతు అలా లేవదు, హార్మోనియం అలా లేవదు. అందుకే పద్యాల మీద ఈ పెట్టె అద్భుతంగా పని చేసింది. ఒక పద్యం చివరి రాగం మీద గీత ఉంది, నలభై ఏళ్లుగా ఆ గీతతోనే వింటున్నారు మాస్టారు. అది మాయమయ్యేసరికి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ వేయమన్నారు. మూడోసారి కూడా వేయమన్నారు.

ఆ ఉత్సాహంలో, టిక్కులను ఎంత గట్టిగా తీయాలో చెప్పే మీటను చివరికంటా తిప్పేశారు. వారం తర్వాత వాయిద్యాల రికార్డు పెట్టి పిలిచారు. "మృదంగం మెత్తబడింది, పంచె చుట్టి కొడుతున్నట్టుంది, నీ కెపాసిటర్లు నాసిరకం" అన్నారు. నాకు కోపం వచ్చింది, నిజం చెప్పాలి. కెపాసిటర్ల తప్పేమీ లేదు. మృదంగం మీద వేలి దెబ్బ, వీణ తీగ మీద మీటు, నాదస్వరం పక్కన డోలు మీద పుల్ల దెబ్బ, ఇవన్నీ టిక్కులాగే చురుగ్గా లేస్తాయి. మీట ఎక్కువ తిప్పితే యంత్రం వాటి కొసలను కోసేస్తుంది. పాటను కాదు, వాయించిన వేలిని తీసేస్తుంది.

దీనికి మందు కూడా ఆ పెట్టెలోనే ఉంది. మంచి యంత్రాలకు, అన్నిటికీ కాదు, తీసేసిన శబ్దాన్ని మాత్రమే వినిపించే బొత్తాం ఒకటి ఉంటుంది. అది నొక్కి చెవి పెట్టండి. ఉత్త టిక్కులే వినిపిస్తే మీట సరిగ్గా ఉన్నట్టు. అందులో తాళం వినిపించిందా, వెనక్కి తిప్పండి. మాస్టారి చేత అదే చేయించాను. చెత్తబుట్టలోంచి మృదంగం తని ఆవర్తనం వినిపిస్తుంటే ఆయన ముఖం చూడాల్సింది. మీట సగానికి తగ్గించాక మృదంగం తిరిగి వచ్చింది, పెద్ద టిక్కులు పోయాయి, చిన్నవి కొన్ని మిగిలాయి. మిగలనివ్వండి. ఒక్కొక్క రికార్డుకు ఎంత తిప్పాలో ఇప్పుడు ఆయన కవరు మీద పెన్సిలుతో రాసుకుంటున్నారు.

ఇక రెండో పెట్టె. ఇది ఒక డాక్టరు గారిది. కొత్తది, అంకెలతో పని చేసేది, విదేశం నుంచి నేరుగా తెప్పించుకున్నది, లక్షన్నర పైమాట. నాలుగు నెలలు ముత్యంలా పని చేసింది. జూన్‌లో ఒక రాత్రి ఫోనులోని యాప్ "అప్‌డేటు ఉంది, చేయమంటారా" అని అడిగింది. చేయమన్నారు. అది జరుగుతుండగా గాలివాన వచ్చి కరెంటు పోయింది. అప్‌డేటు మధ్యలో కరెంటు తీయరాదని సూచనల పుస్తకంలో సన్నటి అక్షరాలతో ఉందట. తీసింది డాక్టరు గారు కాదు, సబ్‌స్టేషను. తెల్లారేసరికి పెట్టె ముందు తెల్ల దీపం మినుకుమంటూ ఉంది, అంతే. నొక్కితే పలకదు. నేరుగా పాటను దాటించమన్నా దాటించదు.

మూత తీసి చూశాను. కరెంటు అన్నిచోట్లా సరిగ్గా ఉంది. ఒక్క భాగం కాలలేదు. లోపల ఉండాల్సిన రాత, అంటే పెట్టెను నడిపించే ప్రోగ్రాము, సగంలో ఆగిపోయింది. ఆ రాతను తిరిగి ఎక్కించే ఫైలు ఒకటి ఇస్తే గంట పని. కంపెనీకి డాక్టరు గారి పేరుతో ఉత్తరం రాశాం. ఆపి మళ్లీ వేయమని జవాబు వచ్చింది, అది పదిసార్లు చేశామని మా ఉత్తరంలో మొదటి వాక్యంలోనే ఉంది. రెండోసారి రాస్తే మీ ఖర్చుతో మాకు పంపండి అన్నారు. కొరియరు వాళ్లు ఒక వైపుకే పద్నాలుగు వేలు చెప్పారు, తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్సు వాళ్లకు ఇది పాతదే, రిపేరుకు వెళ్లి వచ్చిందని కాగితాలతో నిరూపించాలి. ఆ ఫైలు ఇప్పించండి, ఎక్కించుకునే మనిషి ఇక్కడ ఉన్నాడు అని మూడోసారి రాశాం. వినియోగదారులకు ఇవ్వబోమన్నారు. మెకానిక్‌కు ఇస్తారా అని నాలుగోసారి అడిగాం. పది రోజుల తర్వాత, ఏడు రోజులుగా మా నుంచి జవాబు రానందున ఫిర్యాదును మూసివేస్తున్నామని ఒక సందేశం వచ్చింది. జవాబు బాకీ ఉన్నది వాళ్లు.

నలుగురో అయిదుగురో నడిపే చిన్న కంపెనీ ఊరూరా సర్వీసు కేంద్రం పెట్టలేదు. ఆ మాట ఒప్పుకుంటాను. నేను అడిగింది కేంద్రం కాదు. నా చిన్నప్పటి రేడియో వెనక అట్ట తీస్తే సర్క్యూటు పటం లోపలే అతికించి ఉండేది. కొన్నవాడికి అది హక్కు అని ఎవరూ అనేవారు కాదు, అలా ఉండేది, అంతే. నలభై ఏళ్లు దాటిన పెట్టె అరవై రూపాయల కెపాసిటర్లతో, ఒక కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌తో లేచి కూర్చుంది. నాలుగు నెలల పెట్టె ఏమీ కాలకుండానే చచ్చిపోయింది.

మన కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, ఇంటి సామాన్లు, వాహనాల కంపెనీలు తమ రిపేరు వివరాలు అందులో పెట్టాలని ఉద్దేశం. మా అబ్బాయి చేత వెతికించాను, డాక్టరు గారి పెట్టె కంపెనీ పేరు లేదు. ఇక్కడ దుకాణమే లేనివారు ఎందుకు పెడతారు? అమెరికాలో మాత్రం కొన్ని రాష్ట్రాలు చట్టాలే చేశాయి. న్యూయార్క్‌లో 2023 చివర, మిన్నెసోటా, కాలిఫోర్నియాల్లో 2024 జూలైలో అమల్లోకి వచ్చాయి. కాలిఫోర్నియాలో అయితే వంద డాలర్లు, ఆపై టోకు ధర ఉన్న ఎలక్ట్రానిక్ వస్తువుకు, తయారీ ఆగిపోయాక కూడా ఏడేళ్ల పాటు విడిభాగాలూ మరమ్మతు సమాచారమూ ఇవ్వాలి. అందుకే అక్కడున్న మన పిల్లలకు మీ పత్రిక ద్వారా ఒక మనవి. అమ్మానాన్నలకు ఇలాంటి యంత్రం పంపేముందు, కొన్న చోటనే, కొన్నవారిగా మీరే అడగండి. సర్వీసు పుస్తకం ఇస్తారా, లోపలి రాత చెడితే తిరిగి ఎక్కించే ఫైలు ఇస్తారా, 230 వోల్టులకు మార్చే వీలుందా. ఇస్తామంటే కాగితం మీద తీసుకుని పెట్టెలో పెట్టి పంపండి. ఇవ్వమంటే ఆ డబ్బుతో ఒక మంచి ముల్లు, ఒక మెత్తటి బ్రష్షు కొని పంపండి, మిగిలినది మీరే ఉంచుకోండి. ఇక్కడ మేము అప్‌డేటు చేసేటప్పుడు యూపీఎస్ మీద పెట్టడం మరచిపోం.

మాస్టారి పెట్టెకు ఏ పటమూ దొరకలేదు. మూత తీసి, భూతద్దం పెట్టి, ఒక్కొక్క గీతనూ అనుసరించి మూడు రోజులు కూర్చుని గ్రాఫు కాగితం మీద నేనే వేసుకున్నాను. రెండు చోట్ల అనుమానం ఉండి ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. చుట్టుపక్కల జిల్లాల్లో ఇలాంటి పాత పెట్టె ఎవరి దగ్గరైనా మూగదై అటక మీద ఉంటే మీ కార్యాలయానికి ఒక కార్డు రాయమనండి. జిరాక్సు తీయించి పంపుతాను, పోస్టు ఖర్చు నాదే. డాక్టరు గారి పెట్టె నా బల్ల మీదే ఉంది, దాని ఫైలు ఎవరి దగ్గరైనా ఉంటే వారికి బదులుగా ఏం కావాలో కూడా ఆ కార్డులోనే రాయమనండి.

ఇట్లు,
ఒక పాత రేడియో మెకానిక్,
తెనాలి